బంగారం ఉంది సరే, ఏ రాయిలో ఉంది?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే దేవుడి ఫొటోలు, తర్వాత టమోటా రేట్లు, ఆ తర్వాత ఏదో ఒక ఫార్వర్డు. ఈమధ్య ఆ ఫార్వర్డుల్లో సగం బంగారం మీదే. కర్నూలు జిల్లా తుగ్గలి పక్కన జొన్నగిరిలో గని పనులు మొదలైనప్పటి నుంచి "సీమ దశ తిరిగింది" అని, బంగారు బిస్కెట్ల బొమ్మ వేసి, వెనకాల కొండారెడ్డి బురుజు పెట్టి ఒకటే పంపడం. మొన్న మా చిన్నాయన కొడుకు "ఇంక మన పిల్లోళ్లు బెంగుళూరు పోయే పన్లే అన్నా" అని రాసినాడు. నేను "ఏ రాయిలో ఉంది, టన్నుకు ఎన్ని గ్రాములు, ఎంత వెడల్పున ఉంది, అది చెప్పు ముందు" అని పెట్టినా. ఎవరూ మాట్లాడలా. మా మేనత్త ఒక్కతే దండం బొమ్మ పెట్టింది, అది నాకో బంగారానికో తెలీలా.

నేను అనంతపురంలో బోరు పాయింట్లు చూసే పని చేస్తా. తిరుపతిలో జియాలజీ చదువుకున్నా. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేను చుట్టూ తిరిగే ఆయనకీ మిషన్ పెట్టి చూసే నాకూ ఊర్లలో దాదాపు ఒకటే రేటు, కొన్ని ఊర్లలో ఆయనకే ఎక్కువ, దాని గురించి ఇంకోసారి ఏడుస్తా. పని లేని రోజుల్లో రాళ్ల గురించి చదవడం అలవాటు. ఈ నెలంతా చదువుతున్నది మాత్రం ఇక్కడికి దాదాపు 9,000 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్‌లో ఉన్న బూగన్‌విల్ అనే దీవి గురించి, ఆ దీవి నడుమ కొండల్లో ఉన్న పాంగునా అనే రాగి-బంగారం గని గురించి. అక్కడ జరిగిన యుద్ధం గురించి చాలామందికి తెలుసు, గూగుల్ చేస్తే వస్తుంది. నేను చదివింది యుద్ధం కోసం కాదు, ఆ రాయి కోసం. చదివే కొద్దీ ఒక ఆలోచన గట్టిపడింది. గని వస్తుందంటే మనం ఉద్యోగాలు, పరిహారం, ఎవరి వాటా ఎంత అని మొదలుపెడతాం. రాయి సంగతి ఇంజనీర్లకు వదిలేస్తాం. కానీ గుంత ఎంత పెద్దది, వ్యర్థం ఎంత, నీళ్లకి ఏమవుతుంది, ఎన్నేళ్లు నడుస్తుంది, ఇవన్నీ చాలావరకు ఆ రాయి పుట్టిన తీరులోనే తేలిపోయి ఉంటాయి. అందుకే మొదట ఊరి ముందు పెట్టాల్సింది రాయి లెక్క అంటాను నేను. ఇది ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం ఆ దీవి కడుపులోకి పోవాలి.

దీవి కడుపులో

బూగన్‌విల్ పేరుకి పాపువా న్యూ గినీలో భాగం, భూగోళం లెక్కన సాలమన్ దీవుల వరసలోది. అది అగ్నిపర్వతాల దీవి. బగానా అనే కొండ ఇప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది, 2023 జులైలో కూడా బూడిద పడి జనం ఊర్లు వదిలి పోవాల్సి వచ్చింది. దీనికి కారణం దీవి పక్కన సముద్రంలో ఉన్న లోతైన కందకం. భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది కదా, అక్కడ సాలమన్ సముద్రపు పలక ఏడాదికి దాదాపు 10 సెంటీమీటర్ల వేగంతో పసిఫిక్ పలక కిందికి దూరిపోతా ఉంటుంది.

చాలామంది ఏమనుకుంటారంటే ఆ దూరిన పలక కింద వేడికి కరిగి పైకి లావాగా వస్తుంది అని. అసలు జరిగేది వేరే. సముద్రం అడుగు రాయి కోట్ల ఏళ్లు నీళ్లలో నాని నాని, దాని ఖనిజాల్లోనే నీళ్లు ఇమిడి ఉంటాయి. అది వంద కిలోమీటర్ల లోతుకు దిగేసరికి ఆ నీళ్లు బయటికి వచ్చి పైన ఉన్న మాంటిల్ (భూమి పైపెంకు కింద ఉండే మందమైన పొర) రాయిలోకి ఎక్కుతాయి. వేడిగా ఉన్న రాయికి నీళ్లు తగిలితే అది కరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. అంటే అక్కడ నిప్పు పెట్టేది నీళ్లు. అనంతపురంలో కూర్చుని ఇది చదువుతుంటే నవ్వొచ్చింది, మేము నీళ్ల కోసం వెయ్యి అడుగులు పోతాం, అక్కడ నీళ్లు వంద కిలోమీటర్లు దిగి కొండల్ని పుట్టిస్తాయి.

ఇట్లా పుట్టిన శిలాద్రవంలో నీళ్లు ఎక్కువ, గంధకం ఎక్కువ, దానితో పాటు ఆక్సిజన్ బాగా పట్టి ఉంటుంది. ఈ ఆక్సిజన్ సంగతి చిన్నగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ఆక్సిజన్ తక్కువుంటే గంధకం సల్ఫైడ్‌గా మారి రాగినీ బంగారాన్నీ పట్టుకుని లోతులోనే ఉండిపోతుంది. ఎక్కువుంటే గంధకం సల్ఫేట్ రూపంలో కరిగే ఉంటుంది, రాగి బంగారం రెండూ ద్రవంతో పాటు పైకి వస్తాయి. ఆ ద్రవం ఐదు నుంచి పది కిలోమీటర్ల లోతులో పెద్ద గుండంలా నిలబడి, అక్కడి నుంచి వేళ్లలాగా సన్నగా పైకి ఎక్కి, రెండు మూడు కిలోమీటర్ల లోతులో గడ్డకట్టడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే రాయిలో నీళ్లకు చోటుండదు. బయటికి తోసుకొచ్చే ఆ వేడి ఉప్పునీళ్లతో రాగి, బంగారం, గంధకం కలిసి వస్తాయి. ఒత్తిడికి చుట్టూ ఉన్న రాయి పగిలి వెంట్రుకంత సందులు వేలకు వేలు పడతాయి. వేడి తగ్గే కొద్దీ ఆ సందుల్లో పలుగురాయితో పాటు చాల్కోపైరైట్, బోర్నైట్ అనే రాగి ఖనిజాలు దిగుతాయి, బంగారం వాటిని అంటిపెట్టుకుని కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. దీన్నే పార్ఫిరీ నిక్షేపం అంటారు.

పాంగునాలో ఈ కథ రెండు అంకాల్లో జరిగింది. ముందు దీవి పాత అగ్నిపర్వతాలు పోసిన ఆండెసైట్ రాయి ఉంది. కీటా వోల్కానిక్స్ అంటారు, అది చాలా పాతది. దాంట్లోకి 40, 50 లక్షల ఏళ్ల కింద కవెరాంగ్ క్వార్ట్జ్ డయోరైట్ అనే రాయి కింది నుంచి చొచ్చుకొచ్చింది. రాగి, బంగారం దిగింది సుమారు 34 లక్షల ఏళ్ల కింద. జియాలజీలో 34 లక్షలంటే నిన్న మొన్న లెక్క. మన కడప నాపరాయి ముందు అది పసిబిడ్డ. అంటే అగ్నిపర్వతపు రాయి ఆ రాగికి ఇల్లు మాత్రమే ఇచ్చింది, సరుకు తెచ్చింది తర్వాత వచ్చిన చుట్టం.

ఇంకో సంగతి. లోతులో పుట్టినది ఇప్పుడు నేల మీదికి ఎట్లా వచ్చింది? దీవి పైకి లేస్తా ఉంటే, ఏడాదికి 4 మీటర్లకు పైగా పడే వాన దాన్ని కోస్తా పోయింది. మా అనంతపురంలో ఏడాదికి అర మీటరు పడితే ఆ ఏడు బాగున్నట్టు. ఆ వాన ఒక పక్క మేలు చేసింది, పైకప్పు తీసేసింది. ఇంకో పక్క కీడు చేసింది. చిలీలో అటకామా ఎడారి లాంటి చోట్ల పైపొరలోని రాగి మెల్లగా కరిగి, కిందికి దిగి, ఒక మందమైన పొరలో పోగై గ్రేడు, అంటే టన్ను రాయిలో ఉండే లోహం లెక్క, పెరుగుతుంది. అట్లా జరగాలంటే కోత నిదానంగా ఉండాలి. పాంగునాలో కొండ అంత తొందరగా అరిగిపోతుంటే ఆ పొర సరిగ్గా తయారయ్యే టైమే లేదు. దొరికింది పుట్టినప్పటి పలుచని గ్రేడే.

అర గ్రాము

ఆ గ్రేడు ఎంతంటే, టన్ను రాయికి రాగి ఐదు కిలోల లోపు, బంగారం సుమారు అర గ్రాము. చిత్రాన్నంలో పసుపు ఉన్నట్టు ఉంటుంది అది. ఏరుకోవడానికి లేదు, గిన్నె మొత్తం తినాల్సిందే. సొరంగం వేసి సన్నటి దారి పట్టుకుని పోవడం కుదరదు, కొండ మొత్తం తవ్వి, మొత్తం పొడి చేసి, నురగలో తేల్చి, ఆ కాస్త రాగిపొడి తీసుకుని మిగతా బురదంతా ఎక్కడో ఒకచోట పొయ్యాలి. పాంగునా 1972 నుంచి 1989 దాకా నడిచింది. సుమారు 30 లక్షల టన్నుల రాగి, 306 టన్నుల బంగారం తీసినారు. గుంత దాదాపు రెండు కిలోమీటర్ల అడ్డం. నదుల పాలైన వ్యర్థం 100 కోట్ల టన్నులకు పైన. కొండలు నిటారు, భూకంపాలు, ఆగని వాన, ఇట్లాంటి చోట బురదకు డ్యామ్ కట్టడం కష్టమని చెప్పి కవెరాంగ్, జాబా నదుల్లోకే వదిలేసినారు.

ఇప్పుడు దీని పక్కన కోలార్‌ని పెట్టి చూడండి. మా అబ్బ తమ్ముడు కోలార్‌లో చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినాడు, మా పక్క నుంచి చాలామంది పోయినారు అప్పట్లో. ఆయన చెప్పేది, తెల్లటి పలుగురాయి చార ఒకటి నల్లరాయి మధ్యలో పోతా ఉంటుంది, కొన్నిచోట్ల మూరెడు, కొన్నిచోట్ల బారెడు, దాని వెంబడే పోవడం, అది వంకర తిరిగితే మేమూ తిరగడం అని. అట్లా పోయి పోయి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినారు. మొదట్లో టన్నుకు 40 గ్రాముల పైన పడేది, 2001లో మూసేనాటికి ఐదు గ్రాములు కూడా లేదు. 120 ఏళ్లలో 5 కోట్ల టన్నుల రాయి తీసి 800 టన్నుల పైన బంగారం ఇచ్చింది. ఊరి నడుమ నిలబడ్డ సైనైడ్ దిబ్బలు 3 కోట్ల టన్నులకు పైన.

రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకుంటే విషయం తెలుస్తుంది. కోలార్‌లో పాంగునా కంటే రెండున్నర రెట్లు బంగారం వచ్చింది, వ్యర్థం మాత్రం దాంట్లో ముప్పయ్యో వంతు. పాంగునాలో అసలు సరుకు రాగి కాబట్టి పోలిక నూటికి నూరుపాళ్లు న్యాయం కాదు, ఒప్పుకుంటా. కానీ గుంత ఆకారం ఎట్లా వచ్చిందో చూడండి. ఒకచోట సన్నటి చార, కాబట్టి లోతైన సొరంగాలు, కాబట్టి గని కూలీల ఊపిరితిత్తులు పోయినాయి. ఇంకోచోట కొండంతా చల్లినట్టున్న ఖనిజం, కాబట్టి పెద్ద గుంత, కాబట్టి నదులు పోయినాయి. కష్టం ఎవరి మీద పడాలో కూడా రాయి ఆకారమే చాలావరకు తేల్చింది.

ఇంకా ఒక్కటి ఉంది. పార్ఫిరీల చుట్టూ పైరైట్ ఒక పెద్ద వలయంలా ఉంటుంది, అదే మనోళ్లు బంగారం అనుకుని మోసపోయే పసుపు మెరుపు రాయి. అది నేల లోపల ఉన్నన్ని రోజులు ఏమీ చెయ్యదు. పగలగొట్టి గాలికీ వానకీ వదిలితే గంధకామ్లం కారుస్తుంది, ఆ ఆమ్లం మిగిలిపోయిన రాగిని కరిగించుకుని పోతుంది. పాంగునా గని మూతపడి ముప్పై అయిదేళ్లు దాటినా అక్కడ వాగుల్లో రాళ్ల మీద నీలం-ఆకుపచ్చ మరకలు కనిపిస్తాయి, అవి రాగి మరకలు. గని నడిపినోళ్లు పోయినా రసాయనం డ్యూటీ దిగలేదు.

మన కాళ్ల కింద కూడా దీవులే

ఇదంతా పసిఫిక్ గోల, మనకెందుకు అంటారా? రామగిరి వైపు ఎప్పుడైనా పోయినారా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ పొడుగ్గా ఉత్తర దక్షిణాలుగా పోయే ముదురు ఆకుపచ్చ రాళ్ల పట్టీ ఉంది. జొన్నగిరి దగ్గర ఇంకోటి, గద్వాల వైపు ఇంకోటి. వీటినే గ్రీన్‌స్టోన్ బెల్టులు అంటారు. సుమారు 270 కోట్ల ఏళ్ల కింద ఇవన్నీ సముద్రం అడుగున పోసిన లావాలు, నీళ్లలో పడి దిండ్లలాగా గడ్డకట్టిన బసాల్టు, అక్కడక్కడ ఆండెసైట్ జాతి రాళ్లు. వీటిల్లో కొన్ని ఇట్లాంటి అగ్నిపర్వత దీవుల వరసలే అని, అవి ఒకదానికొకటి గుద్దుకుని ఖండంలో కలిసిపోయినాయని చాలామంది జియాలజిస్టులు అంటారు. అందరూ ఒప్పుకోరు, అంత పాత కాలంలో పలకల కదలిక ఇప్పటిలాగే ఉండేదా అనేది ఇంకా తెగని పంచాయితీ. నాకు మాత్రం దీవుల మాటే నచ్చుతుంది, రామగిరి గుట్టల మీద ఎండలో నిలబడి ఇది ఒకప్పుడు సముద్రం నడుమ పొగ కక్కే దీవి అనుకుంటే ఆ ఎండ కాస్త తక్కువనిపిస్తుంది.

మరి అది దీవే అయితే మనకు పాంగునా లాంటి రాగి ఎందుకు లేదు? పార్ఫిరీ పుట్టేది పైన రెండు మూడు కిలోమీటర్లలో కదా, 270 కోట్ల ఏళ్లలో ఆ పైభాగం ఎప్పుడో అరిగి సముద్రంలో కలిసిపోయింది. మనకు మిగిలింది ఆ దీవుల వేళ్లు. దీవులు గుద్దుకున్నప్పుడు దాదాపు పది కిలోమీటర్ల లోతులో పడ్డ పగుళ్ల వెంబడి వేడి నీళ్లు ప్రవహించి పలుగురాయి చారల్లో బంగారం దించినాయి. కోలార్, హట్టి, రామగిరి అన్నీ ఆ జాతే. పాత రాళ్లలో పార్ఫిరీ అసలు మిగలదని కాదు, మధ్యప్రదేశ్‌లో మలంజ్‌ఖండ్ రాగి దాదాపు 250 కోట్ల ఏళ్లది, అది పార్ఫిరీయేనని వాదించేవాళ్లు ఉన్నారు. కానీ అది అదృష్టం కలిసొచ్చి మిగిలిన ముక్క.

రామగిరిలో కోలార్ గనులు నడిపిన ప్రభుత్వ సంస్థే తవ్వింది, కోలార్‌తో పాటే 2001లో అదీ ఆగిపోయింది. పాతకాలం వాళ్లు తవ్విన గుంతలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఉన్నాయి, సువర్ణగిరి అంటే ఇదే అని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. తొలకరి పడగానే జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రాలకు తిరిగే జనాన్ని చూసినోళ్లకి తెలుసు, మన దగ్గర రాయి మీద ఆశ ఎంత పాతదో. టిఫిన్ బాక్సు కట్టుకుని, వంగి వంగి చేను గాలిస్తా, మెరిసే పలుగు ముక్క దొరికితే నాలుకతో తడిపి చూస్తారు.

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డం వస్తుంది. మనది సన్నటి చారల బంగారం, కాబట్టి పెద్ద గుంత రాదు అని చెప్పేస్తే సులభంగా ఉండేది. కానీ జొన్నగిరిలో ఇప్పుడు తవ్వుతున్నది సొరంగం వేసి కాదు, పైనుంచి ఓపెన్ పిట్. చారలు గుంపుగా, పక్క రాయిలోకి కూడా కొంచెం కొంచెం పాకినట్టు ఉంటే, బంగారం రేటు ఇట్లా ఆకాశాన్ని అంటితే, ఒకప్పుడు దిబ్బ మీద పారేసే రాయి కూడా ఇప్పుడు ఖనిజం అవుతుంది. రాయి అదే, రేటు మారింది. అంటే రాయి ఒక్కటే అన్నీ తేల్చదు. అయినా సరే, రేటు మారితే గుంత ఎంత వరకు పెరగొచ్చు అనేది మళ్లీ ఆ రాయిలో బంగారం ఎట్లా పరుచుకుని ఉంది అన్నదాన్ని బట్టే కదా. అది కూడా ముందే చెప్పొచ్చు కదా.

రైతుకు రాయి తెలీదా

ఇవన్నీ జనానికి ఎట్లా అర్థమవుతాయి అని అడిగినాడు నా ఫ్రెండ్ ఒకాయన, మైనింగ్‌లోనే పనిచేస్తాడు. గ్రేడు, కోర్ (డ్రిల్లుతో తీసే రాయి కడ్డీ), ఆల్టరేషన్ (వేడి నీళ్లకు రాయి మారిపోవడం) అంటే ఊర్లో ఎవరికి తెలుస్తుంది, వాళ్లకి కావలసింది ఉద్యోగాలే అన్నాడు.

కనగానపల్లి వైపు ఒక చేలో బోరు వేయిస్తున్నప్పటి సంగతి చెప్తా. రిగ్గు నడుస్తా ఉంది, తెల్లటి పొడి లేస్తా ఉంది, మూడొందల అడుగులు దాటినా ఒక్క చుక్క లేదు. ఓనరు ముఖం చూడలేకపోతున్నా. ఉన్నట్టుండి పొడి రంగు మారింది, బూడిద నలుపు. డ్రిల్లర్ ఆపేద్దామా అన్నట్టు నావైపు చూసినాడు. చేను గట్టు మీద కూర్చున్న ముసలాయన లేచొచ్చి, గుప్పెడు పొడి తీసుకుని, బాటిల్లో నీళ్లు రెండు చుక్కలు పోసి రెండు వేళ్ల మధ్య నలిపి, "నల్లరాయి తగిలింది సామీ. ఈ గోడ ఆ గుట్టకాడి నుంచి మా చేల్లో మీదుగా పోతుంది. ఇది దాటేకాడ గ్యాపు ఉంటాది, ఆపొద్దు" అన్నాడు. అది డోలరైట్ డైకు. గ్రానైట్‌ని కోసుకుంటూ పోయే ఆ గోడ అంచుల్లో పగుళ్లుంటాయి, నీళ్లు అక్కడే నిలుస్తాయి, మేము మ్యాపుల్లో గీతలు గీసి చెప్పేది ఇదే. ఆయన బడికి పోలేదు. నలభై ఏళ్లుగా ఆ మండలంలో ఎండిన బోర్లు చూసి చూసి నేర్చుకున్నాడు. అంచు దాటినాక నీళ్లు పడినాయి, రెండించులే, కానీ పడినాయి.

ఇట్లాంటి మనిషికి గ్రేడు అర్థం కాదా? టన్నుకు ఎన్ని గ్రాములు అంటే ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నంత సులువుగా తెలుస్తుంది.

దీనికి ఎదురుగా ఒక ప్రజాభిప్రాయ సేకరణ సభ చూసినా, ఏ గనో ఏ ఊరో చెప్పను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో పార్టీల వాళ్లు, వెనకాల పోలీసులు. తెలుగులో ఇచ్చిన సారాంశం కాగితాల్లో భూగర్భం గురించి రెండే రెండు వాక్యాలు ఉన్నాయి, ఆ రెండూ కూడా ఎవరో మిషన్లో పెట్టి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తిప్పినట్టున్నాయి. మొక్కలు ఎన్ని నాటుతారో మాత్రం పేజీన్నర. మైకు పట్టుకున్నోళ్లంతా ఉద్యోగాల గురించే అడిగినారు, వాళ్లని తప్పు పట్టలేం. ఒకే ఒక్క రైతు లేచి "గుంత ఎంత లోతు పోతాది, మా బోర్లు దానికంటే పైన ఉంటాయా కింద ఉంటాయా" అని అడిగినాడు. మొత్తం సభలో జియాలజీ ప్రశ్న అదొక్కటే. "నోట్ చేసుకున్నాం" అన్నారు. నోట్ చేసుకోవడం అయితే నేనూ చూసినా, పెన్ను కదిలింది.

అయినా నాకున్న అనుమానాలు

పెద్ద అనుమానం ఇదీ. పాంగునాలో రాయి సంగతి తెలియక యుద్ధం వచ్చిందా? కాదు. 1930ల్లోనే పక్కన కుపేలో బంగారం తవ్వినారు, 1964 నుంచి పెద్ద కంపెనీ డ్రిల్లింగ్ చేసింది, కోర్ తీసి గ్రేడు కట్టి అంతా లెక్కేసుకున్నారు. తెలియాల్సినోళ్లకి అన్నీ తెలుసు. నేల కింద ఉన్నదంతా ప్రభుత్వానిదే అన్నారు. అక్కడ నేల తల్లి వైపు నుంచి కూతుళ్లకు వచ్చే ఆచారం ఎక్కువ, నేల ఎవరిదో ఆడవాళ్లు చెప్తారు. వాళ్లని అడిగినోళ్లు లేరు. 1969లో రొరోవానా ఊరి ఆడవాళ్లు సర్వే వాళ్లు పాతిన కొయ్యల్ని పీకేస్తే పోలీసులు కొట్టి తరిమినారు. 1988 చివర్లో గని కరెంటు టవర్లు పేల్చేదాకా వచ్చింది, ఆ తర్వాత దాదాపు పదేళ్లు యుద్ధం, వేలమంది చనిపోయినారు. 2019లో ఓటు పెడితే 97 శాతానికి పైగా స్వాతంత్ర్యం కావాలన్నారు. ఆ ఆడవాళ్ల చేతిలో రాయి అడ్డకోత బొమ్మ ఒకటి పెట్టి ఉంటే ఏం మారేది? ఏమీ మారకపోవచ్చు. కాదనే హక్కు లేనప్పుడు జ్ఞానం ఏం చేసుకుంటాం. ఇది నా వాదనలో ఉన్న పెద్ద చిల్లు, పూడ్చలేను.

రెండోది, అదే జాతి రాయి అన్నిచోట్లా అదే కథ నడపదు. ఇండోనేషియాలో సుంబావా దీవి మీద బాతు హిజావు కూడా అగ్నిపర్వత దీవిలో పార్ఫిరీయే, వయసు కూడా దాదాపు అంతే. అక్కడి బురద సముద్రం లోతుకు పైపుల్లో పోతుంది, అది మంచిదా అంటే వేరే గొడవ, కానీ బూగన్‌విల్ లాంటి యుద్ధం రాలేదు. రాయి ఎంత నష్టం జరగొచ్చో చెప్తుంది గానీ, మనుషులు దానికి ఏం చేస్తారో చెప్పదు.

మూడోది మా బావది. ఆయన ఓర్వకల్లు సోలార్ పార్కు వైపు కరెంటు పనుల్లో ఉంటాడు. "నువ్వు రాస్తున్న ఫోన్‌లో రాగి, నేను పరిచే కేబుల్ రాగి, మన ఉరవకొండ కాడ తిరిగే గాలిమరల్లో టన్నుల లెక్కన రాగి. అదంతా ఎవురిదో కొండ తవ్వితేనే వచ్చింది కదరా. వాళ్ల కొండ తవ్వొచ్చు, మన కొండ కాడికి వచ్చేసరికి నీకు జియాలజీ గుర్తొస్తుందా?" అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. తవ్వొద్దని నేను అనడం లేదు బావా, తవ్వేముందు ఎంత తవ్వుతారో చెప్పమంటున్నా అంటే, "చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు. అది లెక్క చూసినాక చెప్తా అన్నా. నవ్వి టీ డబ్బులు ఆయనే ఇచ్చినాడు.

ఇన్ని అనుమానాలున్నా నా మాట మీదే ఎందుకున్నానంటే, ఉద్యోగాల లెక్క, పరిహారం లెక్క రెండూ మాటలతో పెంచొచ్చు తగ్గించొచ్చు. రాయి లెక్కను అంత సులువుగా వంచలేరు. టన్నుకు రెండు గ్రాములు అని ఒకసారి కాగితం మీద పడితే, మిగతా టన్ను ఎక్కడ పోస్తారు అని అయిదో తరగతి పిల్లోడు కూడా అడుగుతాడు. పైరైట్ ఎంతుంది అని ఒకసారి రాస్తే, దిబ్బ మీద పడ్డ వాన ఏ చెరువులోకి పోతుంది అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. మన దగ్గర వాన తక్కువ కాబట్టి పాంగునా అంత ఆమ్లం కారదు, నిజమే, కానీ ఆ తక్కువ వానే మా చెరువుల్లో నిలిచేది, కొట్టుకుపోవడానికి నది కూడా లేదు.

అందుకే నేను అడిగేది పెద్దదేం కాదు. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సభకు ముందు పర్యావరణ రిపోర్టు సారాంశం స్థానిక భాషలో ఇవ్వాల్సిందే. దానికి ఒక్క అడ్డకోత బొమ్మ జత చేయమనండి. పైన మన చేలు, బోర్లు, చెరువు. కింద రాయి పొరలు, ఖనిజం ఎక్కడ ఎంత వెడల్పు, గుంత గీత ఎక్కడిదాకా, దిబ్బ ఎక్కడ. పక్కన నాలుగు అంకెలు: గ్రేడు, మొత్తం తవ్వే రాయి, మిగిలే వ్యర్థం, దాంట్లో గంధకం శాతం. వాళ్లు ఇవ్వకపోతే జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మన జిల్లాల మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, లాగిన్ అయితే చాలు, ఫోన్‌లో తెరిస్తే కొంచెం నిదానం. ఏ రంగు ఏ రాయో అర్థం కాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, బోరు పాయింట్ అయితేనే ఫీజు.